చేవెళ్ల–మొయినాబాద్ ప్రాంతంలో సుస్థిర తోటపని, చిన్న పండ్ల సాగు

చేవెళ్ల, మొయినాబాద్ తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాకు చెందిన ఇరుగుపొరుగు మండలాలు. హైదరాబాద్‌కు పడమట, బీజాపూర్ వెళ్లే రహదారి మీద ఉన్నాయి. టమాట, క్యారెట్, ఆకుకూరలు, పూల సాగుకు పేరుపడిన ఈ పల్లెల్లో జామ, సీతాఫలం, నిమ్మ, అంజీర, డ్రాగన్ వంటి పండ్లు కూడా పండుతున్నాయి. ఈ వ్యాసంలో చిన్న పండ్లు అంటే పొదలుగానో, కత్తిరించి పొట్టిగా ఉంచిన చెట్లుగానో పెంచే పండ్ల మొక్కలు. మామిడి, బత్తాయి తోటల్లాగా వీటికి విశాలమైన భూమి అక్కర్లేదు. పది గుంటల్లో మొదలుపెట్టి రెండు మూడు ఎకరాల దాకా ఒక కుటుంబం సొంత చేతులతో చూసుకోవచ్చు.

సుస్థిర సాగు గురించి ఎక్కడైనా మాట్లాడవచ్చు. ఇక్కడ మాత్రం ఆ మాటకు బరువెక్కువ. ఈ పొలాల మీద పడిన వాన చాలా వరకు మూసీ, ఈసీ వాగుల గుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు చేరుతుంది. రైతు చెట్టు మొదట్లో వేసిన ఎరువు, ఆకు మీద కొట్టిన మందు, బోరు నుంచి తోడిన నీరు ఆ పొలం గట్టు దగ్గర ఆగేవి కావు. అందువల్ల ఇక్కడి తోట మంచిచెడ్డలను రైతు లాభనష్టాలతో పాటు నగరపు తాగునీటితో కూడా కలిపి చూడాలి.

నేల, వాన, వాతావరణం

ఈ ప్రాంతం దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 550 మీటర్లకు పైన ఉంది. తూర్పు భాగంలో గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు ఎక్కువ. పడమర వికారాబాద్ వైపు వెళ్లేకొద్దీ నల్లరేగడి కనబడుతుంది. ఒకే ఊళ్లో ఎత్తు మీద చెలక, పల్లంలో రేగడి ఉండడం మామూలే. జామ, సీతాఫలం, రేగు, డ్రాగన్ మొక్కలకు నీరు నిలవని చెలక బాగా నప్పుతుంది. రేగడిలో పండ్ల మొక్కలు పెట్టాలంటే ముందు మురుగు పోయే దారి చేసి, ఎత్తు బోదెల మీద నాటాలి.

ఏటా సగటున 750 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో కొన్ని రాత్రులు 10 డిగ్రీల కంటే కిందికి దిగుతాయి. క్యారెట్‌కు, గులాబీకి, చలికాలపు జామకు ఈ చలి మేలు చేస్తుంది. పగటి ఎండకు, రాత్రి చలికి మధ్య తేడా ఎక్కువగా ఉన్నప్పుడు పండులో తీపి బాగా నిలుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో హఠాత్తుగా వచ్చే ఈదురుగాలి, వడగళ్ల వాన ఈ వైపు తోటలకు పెద్ద గండం.

చరిత్ర: ద్రాక్ష పందిళ్ల కాలం

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరదను ఎగువనే ఆపడానికి రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. జనం గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్‌సాగర్‌కు, హిమాయత్‌సాగర్‌కు నడుమ మొయినాబాద్ మండలం పరుచుకుని ఉంది. 1978లో ఏర్పడిన జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి పుట్టిన పెద్దమంగళారం ఈ మండలంలోనిదే.

పండ్ల సాగులో హైదరాబాద్ పరిసరాలకు దేశమంతా పేరు తెచ్చింది ద్రాక్ష. అనాబ్-ఎ-షాహి రకాన్ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాద్‌లో ప్రవేశపెట్టారు. తర్వాత దాని నుంచి ఎంపిక చేసిన దిల్‌ఖుష్, విత్తనం లేని థామ్సన్ రకాలు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పందిళ్లకెక్కాయి. దక్కన్‌లో ద్రాక్ష తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో చేసే కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరులో చేసేది కాయ కోసం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోత సాగుతుంది.

ఆ పందిళ్లలో చాలా వరకు ఇప్పుడు లేవు. ద్రాక్షకు నీరు కావాలి, కూలీలు కావాలి, బూజు తెగులుకూ బూడిద తెగులుకూ పదే పదే మందులు కొట్టాలి. బోర్లు లోతుకు పోయాయి, కూలి పెరిగింది, నగరం దగ్గరపడి భూమి ధర పంట రాబడికి అందనంత ఎత్తుకు వెళ్లింది. పెట్టుబడి ఎక్కువగా అడిగే ఒకే పంట మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో ఈ చరిత్ర చూపించింది. తక్కువ నీటితో బతికే రకరకాల చిన్న పండ్లు ఇక్కడి భూములకు ఎందుకు సరిపోతాయో కూడా ఇదే చెబుతుంది.

జలాశయాల రక్షణ, సాగుతో దాని సంబంధం

రెండు జలాశయాలు కలుషితం కాకుండా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దీని కిందికి వచ్చాయి. కాలుష్యం వెదజల్లే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకుండా ఆంక్షలు పెట్టారు. ఈ పరిధిలో ఒక నూనె కర్మాగారానికి అనుమతి విషయమై వచ్చిన కేసులో 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు తాగునీటి వనరుల పక్షాన నిలిచింది. హాని జరిగాక చూద్దాం అనకుండా ముందే జాగ్రత్త పడాలన్న సూత్రాన్ని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించింది. అప్పటి నుంచి ఈ భూముల భవిష్యత్తు మీద వాదప్రతివాదాలు సాగుతున్నాయి.

ఉత్తర్వుల గతి ఎలా ఉన్నా నీటి నడకలో మార్పు లేదు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీరు. 750 మిల్లీమీటర్లు పడితే 30 లక్షల లీటర్లు. చెట్లు, గడ్డి, ఆకుల పొర ఉన్న తోట ఈ నీటిలో మంచి భాగాన్ని నేలలోకి ఇంకించుకుంటుంది, మిగిలినది మెల్లగా పారుతుంది. సిమెంటు పరిచిన జాగాలో అదే నీరు మురుగుతో కలిసి ఒక్కసారిగా దూకుతుంది. ఇష్టమొచ్చినట్టు యూరియా వేసిన పొలం నుంచి నత్రజని కూడా నీటి వెంట వెళ్తుంది. కాబట్టి ఇక్కడి భూమికి తోట ఒక్కటే చాలదు, ఆ తోటను నేలకూ నీటికీ హాని లేకుండా పెంచడం కూడా ముఖ్యం.

మట్టిని బాగుచేసుకోవడం

ఎర్ర చెలకల్లో సేంద్రియ పదార్థం తక్కువ. నీరు తొందరగా జారిపోతుంది, ఎండకు పైపొర గట్టిపడుతుంది. దీనికి మందు పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, పచ్చిరొట్ట. తొలకరికి జనుము, జీలుగ లేదా పిల్లిపెసర చల్లి, పూతకు వచ్చే వేళ కోసి చెట్ల వరుసల మధ్య నేలలో కలిపేస్తే ఖర్చు తక్కువలో నత్రజని అందుతుంది. వేపపిండి, కానుగపిండి మెల్లగా కరిగే ఎరువులుగా పనికొస్తాయి, వేరు దగ్గర నులిపురుగులను కొంత అదుపు చేస్తాయి.

సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ప్రకృతి సేద్యం పద్ధతులు తెలుగు రాష్ట్రాల్లో బాగా వ్యాపించాయి. వాటిలో జీవామృతం పేరు వినని రైతు అరుదు. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి నీడలో పెడతారు. పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పుతారు. రెండు రోజులకు పులిసిన వాసన వచ్చి పైన నురగ కడుతుంది. ఈ ద్రావణాన్ని వడగట్టి డ్రిప్పు ద్వారానో, పాదుల్లోనో ఎకరానికి పారిస్తారు. జీవామృతం మట్టిలోని సూక్ష్మజీవులకు ఊతమిస్తుంది. అయితే చెట్టుకు కావలసిన పోషకాలన్నీ అందులో ఉండవు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, ఆకుల కప్పు వేయకుండా దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే కాపు ఏటికేడు తగ్గుతుంది.

మట్టితోనే మట్టిని బాగుచేయవచ్చని చూపిన రైతు హైదరాబాద్ అల్వాల్‌కు చెందిన చింతల వెంకటరెడ్డి. ద్రాక్షతో సహా పలు పంటల్లో లోపలి మట్టిని, పైమట్టిని మార్చి వాడే పద్ధతిని ఆయన రూపొందించారు. 2020లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే ఏ పద్ధతి పట్టినా మొదటి మెట్టు మట్టి పరీక్ష. ఒకే పొలంలో ఎత్తుకూ పల్లానికీ వేర్వేరుగా మట్టి తీయించి, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం చూసుకున్నాకే మొక్క ఎంచుకోవాలి.

నీటి లెక్క

ఈ ప్రాంతంలో తోట ఎంత వేయాలన్నది భూమిని బట్టి కాక మే నెలలో బోరు పోసే నీటిని బట్టి తేలాలి. ఉదాహరణకు 3 మీటర్ల ఎడంతో జామ నాటితే ఎకరానికి సుమారు 450 చెట్లు పడతాయి. ఎదిగిన చెట్టుకు నడివేసవిలో రోజుకు 20 లీటర్లు అనుకుంటే ఎకరానికి దాదాపు 9 వేల లీటర్లు కావాలి. అంత నీరు రోజూ రాని బోరు మీద రెండెకరాల జామ వేస్తే మూడో వేసవికి చెట్లు వాడతాయి. ఆ రెండో ఎకరాన్ని సీతాఫలానికో రేగుకో వదిలితే అదే బోరు సరిపోతుంది.

గ్రానైటు నేలల్లో నీరు రాతి పగుళ్లలో, అరిగిన పొరలో మాత్రమే నిలుస్తుంది. పక్క పొలంలో నీళ్లు పడ్డాయని మన దగ్గర పడతాయన్న నమ్మకం లేదు. బోరు లోతు పెంచడం కంటే ఇంకుడు పెంచడమే నిలకడైన దారి. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వడం, ఒక్కో చెట్టు దిగువన అర్ధచంద్రాకారంలో కట్ట వేయడం, పొలంలో పల్లపు మూల నీటికుంట తవ్వడం, బోరు చుట్టూ ఇంకుడు గుంత చేయడం ఇందులో భాగాలు. కుంట లోతుగా, తక్కువ వైశాల్యంలో ఉంటే ఆవిరి నష్టం తగ్గుతుంది.

డ్రిప్పు పద్ధతికి తెలంగాణ ప్రభుత్వం దళిత, గిరిజన రైతులకు 100 శాతం, బీసీలకూ సన్న, చిన్నకారు రైతులకూ 90 శాతం, మిగిలిన వారికి 80 శాతం రాయితీ విధానాన్ని అమలు చేసింది. డ్రిప్పు పెట్టాక చాలామంది చేసే పొరపాటు చుక్కలు కాండం మొదట్లోనే పడనివ్వడం. చెట్టు పెరిగేకొద్దీ పీల్చుకునే వేర్లు కొమ్మల నీడ అంచు దాకా వెళ్తాయి. లేటరల్ గొట్టాన్ని ఏటా బయటికి జరపాలి. ఎండుగడ్డి, మక్క చొప్ప, వేరుశనగ పొట్టు నాలుగు అంగుళాల మందాన పాదులో పరిస్తే తడి ఎక్కువ రోజులు ఆగుతుంది, కలుపు అణుగుతుంది. ఈ కప్పును కాండానికి ఒక జానెడు దూరంగా ఉంచితే చెదలు చెట్టెక్కవు.

ముఖ్యమైన చిన్న పండ్లు

*జామ.* ఈ మండలాలకు నమ్మకమైన పండు. అలహాబాద్ సఫేదా, లక్నో-49, గులాబి గుజ్జు ఉండే అర్క కిరణ్, తైవాన్ రకాలు నాటుతున్నారు. జామ ఏడాదికి ఒకటికంటే ఎక్కువసార్లు పూస్తుంది. వాటిలో ఏ కాపు ఉంచుకోవాలో నిర్ణయించుకోవడమే జామ సాగులో అసలు నేర్పు. వేసవి పూత వానకాలంలో కాయవుతుంది. ఆ కాయలో చప్పదనం, పండు ఈగ పురుగు రెండూ ఉంటాయి. వానకాలపు పూత నవంబరు నుంచి జనవరి దాకా పండి తీపిగా, గట్టిగా వస్తుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఆ ఏటి లేత కొమ్మలను సగానికి కత్తిరిస్తారు. పూత పోతుంది, వానకు కొత్త చిగుర్లు వేస్తుంది, ఆ చిగుర్ల మీదే చలికాలపు కాపునిచ్చే పూత వస్తుంది. జామ పూసేది కొత్త కొమ్మ మీదే కాబట్టి కత్తెరకు వెనుకాడిన తోటలో చెట్టు ఎత్తు పెరుగుతుంది, కాపు తగ్గుతుంది.

*సీతాఫలం.* తెలంగాణ గుట్టల్లో తనంతట తానే పెరిగే చెట్టు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊరి పేరుతో ప్రసిద్ధమైన బాలానగర్ రకం, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క సహాన్ తోటల్లో కనబడతాయి. వేసవిలో ఆకు రాల్చి నిద్రపోతుంది కాబట్టి నీరు అడగదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పండ్లు వస్తాయి. చిక్కంతా పరాగ సంపర్కంలో ఉంది. సీతాఫలం పూవులో కీలాగ్రం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. చిన్న పెంకు పురుగులే ఆ పుప్పొడిని ఒక పూవు నుంచి ఇంకో పూవుకు చేరవేస్తాయి. గాలిలో తేమ తగ్గితే కీలాగ్రం ఎండిపోతుంది.

అందుకే పట్టుదల ఉన్న సాగుదారులు పొద్దునే చల్లగా ఉండగా ఈ పని చేతితో చేస్తారు. పూర్తిగా విచ్చిన పూల పుప్పొడిని చిన్న డబ్బాలో దులుపుకుంటారు. ఇంకా సగమే విచ్చిన పూవు మూడు రేకులనూ వేళ్లతో మెల్లగా ఎడం చేసి, మధ్యనున్న గుబ్బ చుట్టూ సన్నని కుంచెతో అద్దుతారు. కాయ మీద కనబడే ఒక్కో కన్నూ ఆ గుబ్బలోని ఒక్కో భాగం నుంచి పెరిగిందే. పుప్పొడి తగలని వైపు కన్నులు ఎదగవు, కాయ సొట్టపోతుంది. కుంచెను చుట్టూ తిప్పిన పూవు నుంచి నాలుగు వైపులా నిండిన గుండ్రని పండు వస్తుంది.

*డ్రాగన్ పండు.* జెముడు జాతి తీగ. ఆరడుగుల సిమెంటు స్తంభానికి నాలుగు వైపులా నాలుగు మొక్కలు నాటి, పైన చక్రం మీదుగా కొమ్మలను కిందికి వేలాడదీస్తారు. పూలు రాత్రిపూట విచ్చుతాయి. పూసిన నెల రోజులకు కాస్త అటూ ఇటూగా పండు కోతకు వస్తుంది. వానకాలమంతా విడతలుగా కాస్తుంది. నీటి ఖర్చు తక్కువ. కానీ స్తంభాలకు మొదట్లోనే భారీ పెట్టుబడి కావాలి. ఏప్రిల్, మే ఎండకు కొమ్మలు పసుపెక్కి కాలిపోతాయి, అప్పుడు నీడ వల కట్టాలి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

*నిమ్మ.* ఏడాది పొడవునా కాసినా ధర పలికేది వేసవిలో. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పూత వచ్చేలా అంతకు ముందు నీరు తగ్గించి చెట్టును బెట్టకు గురిచేస్తారు. అప్పుడు మార్చి నుంచి కాయ చేతికొస్తుంది. గజ్జి తెగులు ముఖ్య సమస్య.

*రేగు, ఉసిరి, నేరేడు.* మెట్ట భూముల పండ్లలో ముందువరుస ఈ మూడింటిదే. రేగును ఏప్రిల్, మే నెలల్లో గట్టిగా కత్తిరిస్తే డిసెంబరు నుంచి కాయలు వస్తాయి. ఉసిరిలో ఒకే రకం నాటితే కాపు పలుచబడుతుంది, రెండు మూడు రకాలు కలిపి నాటాలి. నేరేడు విత్తనపు చెట్టు చాలా పొడవు పెరిగి ఆలస్యంగా కాస్తుంది, అంటు మొక్కను పొట్టిగా కత్తిరిస్తూ పెంచితే కోత సులువు.

*అంజీర, దానిమ్మ.* పొడి వాతావరణం రెండింటికీ ఇష్టం. కొమ్మ ముక్కల నుంచే మొక్కలు తయారవుతాయి. మన దగ్గర పెంచే అంజీర రకాలకు పరాగ సంపర్కం అక్కర్లేకుండానే కాయ పెరుగుతుంది. కానీ పండు కోసిన రోజే అమ్ముడుపోవాలి. దానిమ్మకు బాక్టీరియా మచ్చ తెగులు పెద్ద శత్రువు. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో తోటలను ఇది తుడిచిపెట్టింది. తెగులు లేని మొక్కలు దొరికితేనే, కొద్దిపాటిగా మొదలుపెట్టాలి.

*ఫాల్సా, వాక్కాయ, మల్బరీ.* పొదలుగా పెరిగే ఈ మూడూ పెరటికీ గట్టుకీ తగినవి. హైదరాబాద్ వీధుల్లో వేసవిలో తోపుడుబండ్ల మీద కనబడే ఫాల్సా పండు ఒక్క రోజుకు మించి నిలవదు. నగరానికి గంటన్నర దూరంలో ఉన్న తోటకు ఆ గుణమే లాభం, దూరపు సరుకు దానితో పోటీ పడలేదు. వాక్కాయ ముళ్ల కంచెగా పశువులను ఆపుతుంది, కాయ పప్పులోకీ పచ్చడికీ పోతుంది. మల్బరీ కత్తిరించిన ప్రతిసారీ కొత్త కొమ్మతో పాటు కాయలు వేస్తుంది.

*స్ట్రాబెర్రీ.* ఇక్కడి చలికాలాన్ని ఆసరా చేసుకుని అక్టోబరులో నాటి డిసెంబరు నుంచి మార్చి దాకా కోసుకునే పంట. మొక్కలు ఏటా బయటి నుంచి తేవాలి, ఖర్చు ఎక్కువ. మడి చిన్నదిగా ఉంటేనే మేలు.

అంతర పంటలు, కంచె, తోటలోని జీవాలు

తోట పెట్టిన మొదటి రెండు మూడేళ్లు చెట్ల మధ్య జాగా ఖాళీగా ఉంటుంది. ఇక్కడి కూరగాయల అనుభవం అప్పుడు అక్కరకొస్తుంది. కొత్తిమీర, మెంతి, పాలకూర, బీన్స్, బొబ్బర్లు, చామంతి వేసి రోజువారీ ఖర్చులు వెళ్లదీసుకోవచ్చు. బంతి వేస్తే నులిపురుగుల ఉధృతి తగ్గుతుంది, దసరా, దీపావళికి పూలూ అమ్ముడవుతాయి. మక్క, చెరకు లాంటి పొడుగు పంటలు లేత చెట్టుకు నీడ పెట్టి నీటికి పోటీ వస్తాయి కాబట్టి తగవు.

పడమటి గాలికి అడ్డంగా గట్టు మీద సరుగుడు, వేప, మునగ, గ్లిరిసిడియా వరుసలు పెడితే పూత రాలడం తగ్గుతుంది. గ్లిరిసిడియా కొమ్మలు నరికి పాదుల్లో వేస్తే మంచి పచ్చి ఎరువు. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానం, చుట్టుపక్కల గుట్టలు, చెరువుల వల్ల ఇక్కడ నెమళ్లు, కోతులు, అడవి పందులు పొలాల్లోకి వస్తాయి. గ్రామంలోని రైతులు కలిసి కాపలా, కంచె ఏర్పాటు చేసుకున్న చోటే ఈ బాధ తగ్గుతుంది.

బీజాపూర్ రహదారికి ఇరువైపులా అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 2019 నాటికి సుమారు 900 మర్రిచెట్లు వరుసగా నిలిచి ఉండేవి. రహదారి విస్తరణలో వాటిని కాపాడాలని పౌరులు 2019 నుంచి ఉద్యమిస్తూ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. మర్రిపండ్లు తిని బతికే పక్షులు, గబ్బిలాలు పొలాల మీదుగా తిరుగుతాయి. పురుగులను ఏరుకు తినే పిట్టలకు ఈ చెట్లే గూళ్లు. తోటల ఆరోగ్యంలో రోడ్డు పక్క చెట్టుకూ పాత్ర ఉంది.

చీడపీడల అదుపు

జామలో పండు ఈగ, సీతాఫలంలో పిండినల్లి ఇక్కడి రెండు ముఖ్యమైన చీడలు. పండు ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్కలో గుడ్లు పెడుతుంది. పురుగు లోపల ఉంటుంది కాబట్టి పైన కొట్టిన మందు దాన్ని చేరదు. ఎకరానికి ఆరేడు మిథైల్ యూజినాల్ ఎరబుట్టలు వేలాడదీస్తే మగ ఈగలు చిక్కుతాయి. రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి లోతుగా పూడ్చాలి. నిమ్మకాయ సైజులో ఉండగానే కాయలకు సంచులు తొడగాలి. ఒక్క రైతు ఎరబుట్టలు పెడితే పక్క తోట ఈగలు వస్తూనే ఉంటాయి. ఊళ్లోని జామ రైతులంతా ఒకేసారి చేస్తే ఫలితం ఉంటుంది.

పిండినల్లిని చీమలు కాపు కాస్తాయి. అది విసర్జించే తీపి ద్రవం వాటికి ఆహారం. కాండం చుట్టూ జిగురు పట్టీ కడితే చీమలు, పిండినల్లి పిల్లలు రెండూ పైకెక్కలేవు. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును వదిలితే అది పిండినల్లిని తిని బతుకుతుంది. మొదట్లోనే కనబడితే వేపనూనె, సబ్బు నీళ్లు చాలు. వేరు కుళ్లు, ఎండు తెగుళ్లకు ట్రైకోడెర్మాను పశువుల ఎరువులో పెంచి పాదుల్లో వేస్తారు. రసాయన మందు తప్పనిసరి అయినప్పుడు కూడా పూత మీద కొట్టకూడదు, తేనెటీగలు చస్తాయి. వాగుకు, కుంటకు దగ్గరగా ఉన్న వరుసల్లో అసలు వాడకపోవడం మేలు.

ఏడాది పనులు

రోహిణి కార్తెలో గుంతలు తవ్వి ఎండకు వదిలి, పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపుకోవాలి. మృగశిర నుంచి పునర్వసు దాకా మొక్కలు నాటే కాలం. పచ్చిరొట్ట విత్తేదీ అప్పుడే. శ్రావణ, భాద్రపద మాసాల్లో మురుగు కాల్వలు, పండు ఈగ బుట్టలు, కలుపు కోత చూసుకోవాలి. కలుపును పీకి పారేయకుండా కోసి పాదుల్లోనే పరచాలి. ఆశ్వయుజ, కార్తీకాల్లో సీతాఫలం కోత, నిమ్మ పూత. మార్గశిరం నుంచి మాఘం దాకా జామ, రేగు, ఉసిరి కోతలు. ఫాల్సా కత్తిరింపులూ ఈ చలిలోనే. ఫాల్గుణంలో ఆకుల కప్పు మందం పెంచి, గాలికి ఒరిగే కొమ్మలకు ఊతకర్రలు కట్టాలి. చైత్ర, వైశాఖాల్లో జామ, రేగు కత్తిరింపులు, లేత మొక్కలకు నీడ.

పెరటి తోటలు, ఫామ్‌హౌస్‌లు

మొయినాబాద్ చుట్టూ నగరవాసుల ఫామ్‌హౌస్‌లు పెద్ద సంఖ్యలో వచ్చాయి. వాటిలో చాలా చోట్ల పచ్చిక బయళ్లు, బయటి దేశాల అలంకార మొక్కలు బోరు నీటిని తాగేస్తున్నాయి. అదే జాగాలో నాలుగు జామలు, రెండు సీతాఫలాలు, ఒక నేరేడు, ఒక కరివేపాకు, కంచెకు వాక్కాయ పెడితే ఇంటికి పండ్లు వస్తాయి, నీటి ఖర్చు బాగా తగ్గుతుంది. వారానికోసారి మాత్రమే వచ్చే యజమాని స్ట్రాబెర్రీ, అంజీర లాంటి రోజూ చూసుకోవలసిన పంటల జోలికి పోకపోవడం మంచిది. వంటగది వ్యర్థాలతో కంపోస్టు, పైకప్పు వాన నీటిని ఇంకుడు గుంతకు మళ్లించడం, తోట చూసుకునే కుటుంబానికి న్యాయమైన జీతం, ఇవన్నీ సుస్థిరతలో భాగాలే.

అమ్మకం

నగరం దగ్గరలో ఉండడం చిన్న పండ్ల రైతుకు పెద్ద బలం. 1999లో మొదలైన రైతు బజార్ల వ్యవస్థలో మెహిదీపట్నం బజారు ఈ పల్లెలకు దగ్గరిది. పూలు, కూరగాయలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కూ వెళ్తాయి. గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి మారిన పెద్ద పండ్ల మార్కెట్ మాత్రం నగరానికి తూర్పున ఉంది. కొద్ది బుట్టల సరుకుతో పడమటి నుంచి అంత దూరం పోవడం కిట్టదు. అందుకే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే దారిలో, చేవెళ్ల రహదారి మీద నేరుగా అమ్మడం, అపార్ట్‌మెంట్ల వారికి వారానికోసారి బుట్టలు చేర్చడం వంటి మార్గాలు చిన్న తోటలకు కలిసొస్తాయి.

సేంద్రియ సరుకుగా అమ్మాలంటే ధ్రువీకరణ కావాలి. ఎగుమతులకు 2001లో వచ్చిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద తనిఖీ సంస్థల ధ్రువీకరణ ఉంటుంది. స్థానిక అమ్మకానికి రైతులు గుంపుగా చేరి ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించుకునే పీజీఎస్ పద్ధతి తక్కువ ఖర్చుతో కూడినది.

సలహా, శిక్షణ ఇచ్చే సంస్థలు

రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉన్నాయి. అక్కడే ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ 1966లో సస్యరక్షణ శిక్షణ సంస్థగా మొదలై 2008లో ఇప్పటి రూపం తీసుకుంది. మిత్రపురుగుల, జీవ శిలీంధ్రాల పెంపకంలో ఇది శిక్షణ ఇస్తుంది. 1985లో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉంది, మెట్ట పండ్ల తోటల మీద, వాన నీటి నిల్వ మీద ఎంతో పని చేసింది. సంగారెడ్డిలోని పండ్ల పరిశోధన కేంద్రం కూడా దగ్గరిదే. మండల ఉద్యాన అధికారి ద్వారా వీరందరినీ చేరుకోవచ్చు.

సవాళ్లు, చేయవలసినవి

భూమి ధర సాగును మించిపోవడం అన్నిటికంటే పెద్ద సవాలు. ఎకరం అమ్మితే వచ్చే సొమ్ము ముందు జామ రాబడి నిలబడదు. అమ్మకుండా సాగు చేసే రైతు నగరం తాగే నీటిని కాపాడుతున్నాడు, ఆ పనికి అతనికి దక్కుతున్నది లేదు. జలాశయాల పరీవాహకంలో తోట పెంచే చిన్న రైతుకు ఇంకుడు కందకాలకు, పచ్చిరొట్ట విత్తనానికి, సంచులు, ఎరబుట్టలకు ప్రత్యేక సాయం అందించడం ప్రభుత్వానికి భారం కాదు. కలుషితమైన నీటిని శుద్ధి చేసే ఖర్చుతో పోలిస్తే అది పెట్టుబడి.

కౌలు రైతుకు పండ్ల తోట మీద మనసు పోదు, ఏటా మారే కౌలు మీద మూడేళ్లకు కాసే చెట్టు ఎవరూ నాటరు. దీర్ఘకాల కౌలు పత్రాలు ఉంటే ఖాళీగా పడి ఉన్న ఎన్నో ప్లాట్లు, ఫామ్‌హౌస్ భూములు తోటలవుతాయి. నాణ్యమైన అంటు మొక్కల కొరత, కూలీల కొరత, కోతుల బెడద ఒక్కో రైతు విడిగా తీర్చుకోగలిగినవి కావు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఒకే ఊళ్లో నర్సరీ, ఎరబుట్టల పంపిణీ, ఉమ్మడి రవాణా చేపడితే వీటిలో చాలా వరకు తీరతాయి.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఇక్కడి అనుభవం ఇచ్చే సలహా సూటిగా ఉంటుంది. మే నెలలో బోరు నీళ్లు కొలవండి. ఆ కొలతకు సరిపోయినంతే జామ, నిమ్మ పెట్టండి, మిగిలిన చెలకను సీతాఫలానికీ రేగుకూ వదలండి. ఒకే పండు మీద ఆధారపడకండి. పొలంలో పడిన వాన పొలంలోనే ఇంకేలా చూడండి. ఇలా నిలిచిన ప్రతి ఎకరమూ రైతు ఇంటికి రాబడి ఇస్తుంది, గండిపేటకూ హిమాయత్‌సాగర్‌కూ శుభ్రమైన నీటిని పంపుతుంది.